సరళ విద్యుత్ వలయాలు: బడిపిల్లల అవగాహన

టార్చిలో వేసే ఒక సెల్లు, ఒక చిన్న బల్బు, జానెడు తీగ. ఈ మూడూ చేతికిచ్చి బల్బు వెలిగించమంటే చాలామంది పిల్లలు మొదట ఒకే పని చేస్తారు. సెల్లు పైనున్న బొడిపెకు తీగ ఒక కొస ఆనించి, రెండో కొసను బల్బు అడుగుకు తాకిస్తారు. బల్బు వెలగదు. సెల్లు అయిపోయిందంటారు, లేదా బల్బు పోయిందంటారు. తీగను ఇంకాస్త గట్టిగా నొక్కి చూస్తారు. బల్బు దాకా వెళ్లిన కరెంటు మళ్లీ సెల్లుకు చేరడానికి మరో దారి ఉండాలన్న ఊహ మాత్రం వెంటనే తట్టదు.

సరళ విద్యుత్ వలయాలను పిల్లలు ఎలా అర్థం చేసుకుంటారన్నది విజ్ఞాన బోధన పరిశోధకులు బాగా లోతుగా తవ్విన విషయాల్లో ఒకటి. 1970ల నడుమ నుంచి ఫ్రాన్స్, న్యూజీలాండ్, బ్రిటన్, ఇజ్రాయెల్, అమెరికాల్లో జరిగిన అధ్యయనాలు ఒక సంగతి తేల్చాయి. ఈ విషయంలో పిల్లల తప్పులు తలా ఒక రకంగా ఉండవు. దేశం మారినా, భాష మారినా, పాఠ్యపుస్తకం మారినా అవే నాలుగైదు ఊహలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. వాటికి లోపల ఒక తర్కం ఉంటుంది. చుట్టూ కనిపించే ప్రపంచంలో ఆధారాలూ ఉంటాయి. జంషెడ్‌పూర్‌లోని కద్మా లాంటి చోట ఆ ఆధారాలు అడుగడుగునా దొరుకుతాయి.

కద్మా పిల్లలు చూసే కరెంటు

1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ సాక్చి గ్రామం దగ్గర కట్టిన కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు జంషెడ్‌పూర్. జంషెట్‌జీ టాటా పేరు మీద ఆ పేరు 1919లో వచ్చింది. ఊరికి పడమటి వైపు, ఖర్కాయి నదికి దగ్గర్లో కద్మా ఉంది. ఉక్కు పనికి ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా ఉంటున్నాయి. దక్షిణ భారత మహిళా సమాజం నడిపే డీబీఎంఎస్ పాఠశాల కద్మాలోనే ఉంది. ఇక్కడి తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు అలవాటు.

కరెంటుతో, ఇనుముతో ముడిపడిన ఊరు కనుక విద్యుత్ వలయం ఇక్కడ ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఒక చిక్కుంది. అది కనిపించేటప్పుడు సగమే కనిపిస్తుంది. జంషెడ్‌పూర్ రైల్వే స్టేషనైన టాటానగర్‌లో నిలబడిన పిల్లవాడు రైలు ఇంజను నెత్తిన 25,000 వోల్టుల తీగ ఒక్కదాన్నే చూస్తాడు. కరెంటు చక్రాల మీదుగా పట్టాల్లోకి దిగి, పట్టాల వెంబడే సబ్‌స్టేషన్‌కు తిరిగి వెళ్తోందని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. పట్టాలు రైలు నడవడానికి వేసినవే అనుకుంటాడు.

పాత సైకిలుకు బిగించిన డైనమో చూసినా అంతే. డైనమో నుంచి ముందు దీపానికి ఒకే తీగ వెళ్తుంది. రెండో తీగ పని చేసేది సైకిలు ఫ్రేమే. లారీలో బ్యాటరీ ఋణ ధ్రువాన్ని ఛాసిస్‌కు కలుపుతారు కాబట్టి చాలా దీపాలకు ఒంటి తీగే వెళ్తుంది. వెల్డింగ్ షాపులో వెల్డరు చేతిలోని హోల్డరుకు ఒక కేబులే వస్తుంది. రెండోది పక్కన ఇనుప పలకకు కొరికి పట్టిన క్లాంపుకు ఉంటుంది, దాన్ని అక్కడ ‘ఎర్త్’ అంటారు. ఇంట్లో ఫ్యాను వైరు, సెల్‌ఫోను ఛార్జరు వైరు పైకి ఒకటిగానే కనిపిస్తాయి. తొడుగు ఒలిస్తే తప్ప లోపల రెండున్నాయని తెలియదు.

ఇవన్నీ చూస్తూ పెరిగిన పిల్లవాడు ‘ఒక తీగ చాలు’ అంటే, అది అతను కళ్లారా చూసింది. ఎలక్ట్రీషియన్ టెస్టరు ఆ నమ్మకాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. ప్లగ్ సాకెట్టులో ఒక్క రంధ్రంలో పెట్టగానే దానిలోని నియాన్ దీపం వెలుగుతుంది. టెస్టరు తలమీద వేలు ఆనించిన మనిషి ఒంటి మీదుగా అతి స్వల్పమైన కరెంటు నేలకు చేరి వలయం పూర్తవుతోందన్నది కంటికి కనిపించని సంగతి.

పరిశోధన మొదలైన తీరు

ఫ్రాన్స్‌లో ఆండ్రే టిబెర్గియన్, గోరీ దెలాకోత్ 1976లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో తొలి అడుగుల్లో ఒకటి. పిల్లలకు సెల్లు, బల్బు, తీగలు ఇచ్చి వాళ్లు చేసే ప్రతి పనినీ గమనించడం వారి పద్ధతి. సరైన జవాబు వచ్చిందా లేదా అన్నదాని కంటే ఆ జవాబుకు ముందు పిల్లలు ఏ కూర్పులు ప్రయత్నించారన్నది ముఖ్యమని అప్పటి నుంచే గుర్తించారు.

ఆ తర్వాత న్యూజీలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయంలో రోజర్ ఆస్బోర్న్ బృందం చేసిన పని ఈ రంగానికి స్పష్టమైన పటం గీసింది. 1979లో మొదలైన ఆ ప్రాజెక్టులో పిల్లలతో ముఖాముఖి మాట్లాడారు. తీగల్లో ఏం జరుగుతోందో బొమ్మ మీద బాణాలతో చూపించమన్నారు. ఆస్బోర్న్, పీటర్ ఫ్రైబర్గ్ కలిసి 1985లో తెచ్చిన పుస్తకం ద్వారా ఆ ఫలితాలు ప్రపంచమంతటా ఉపాధ్యాయ శిక్షణలోకి వెళ్లాయి.

నాలుగు నమూనాలు

పిల్లలు గీసిన బాణాల నుంచి నాలుగు నమూనాలు తేలాయి.

మొదటిది ఒంటి తీగ నమూనా. సెల్లు ఒక కొస నుంచి కరెంటు బల్బుకు వెళ్తుంది, బల్బు దాన్ని వాడేసుకుంటుంది, కథ ముగుస్తుంది. రెండో తీగ ఉన్నా అది ఉత్తదే, లేదా ‘జాగ్రత్త కోసం’ పెట్టింది.

రెండోది ఢీకొట్టే నమూనా. రెండు తీగలూ అవసరమేనని తెలిసిన పిల్లలు దీనికి వస్తారు. ధన ధ్రువం నుంచి ఒకటి, ఋణ ధ్రువం నుంచి ఒకటి, రెండు కరెంట్లు బయల్దేరి బల్బులో కలుసుకుంటాయి. ఆ రాపిడికి వెలుగు పుడుతుంది. రెండు రాళ్లు కొడితే నిప్పు రవ్వ లేచినట్లు అన్నమాట. సెల్లుకు రెండు ధ్రువాలెందుకున్నాయో ఈ ఊహలో చక్కగా వివరణ ఉంది. అందుకే పిల్లలు దీన్ని సులువుగా వదులుకోరు.

మూడోది తరిగే నమూనా. కరెంటు ఒకే దిశలో, వలయమంతా తిరుగుతుంది. కానీ బల్బులో కొంత ఖర్చయి, తిరిగి వచ్చేటప్పటికి తగ్గిపోతుంది. వరసగా రెండు బల్బులు కలిపితే మొదటిది ఎక్కువ వెలుగుతుందని, రెండోదానికి మిగిలిందే దక్కుతుందని ఈ నమూనా జోస్యం చెబుతుంది. పెద్ద తరగతుల్లోనూ, పెద్దవాళ్లలోనూ గట్టిగా నిలిచిపోయేది ఇదే.

నాలుగోది భౌతికశాస్త్రం ఒప్పుకునేది. శాఖలు లేని వలయంలో కరెంటు ఎక్కడ కొలిచినా ఒకటే. బల్బుకు ముందు పెట్టిన అమ్మీటరు 0.2 ఆంపియర్లు చూపితే తర్వాత పెట్టిందీ 0.2 ఆంపియర్లే చూపుతుంది. బల్బు దగ్గర వెలుగుగా, వేడిగా బయటికి పోయేది శక్తి. ఆవేశం మొత్తం తిరిగి సెల్లుకు చేరుతుంది.

ఈ నాలుగూ వయసుతోపాటు ఒకదాని తర్వాత ఒకటిగా ఎక్కే మెట్లు అనుకోకూడదు. ఒకే విద్యార్థి ఒక ప్రశ్నకు మూడో నమూనాతో, ఇంకో ప్రశ్నకు నాలుగోదానితో జవాబు చెప్పడం మామూలే. అమ్మీటరు రెండు చోట్లా ఒకే అంకె చూపినప్పుడు కొందరు తమ ఊహను మార్చుకుంటారు, మరికొందరు మీటరు సరిగా లేదంటారు.

బల్బు లోపల ఏముంది

మొదటి నమూనా నుంచి బయటపడలేకపోవడానికి ఒక చిన్న కారణం బల్బు ఆకారంలోనే దాగి ఉంది. టార్చి బల్బును దగ్గరగా పట్టుకు చూస్తే రెండు లోహపు భాగాలు కనిపిస్తాయి. అడుగున సీసం చుక్క ఒకటి, చుట్టూ మరలు తిరిగిన తొడుగు ఒకటి. రెంటి మధ్య నల్లటి బంధక పదార్థం ఉంటుంది. గాజు లోపల రెండు సన్నని కాళ్లు పైకి లేచి ఫిలమెంటును పట్టుకుని ఉంటాయి. ఒక కాలు అడుగు చుక్కకు, రెండో కాలు పక్క తొడుగుకు అతుక్కుని ఉంటుంది. కరెంటు ఒక కాలెక్కి, ఫిలమెంటు దాటి, రెండో కాలు దిగి వెళ్తుంది.

ఈ సంగతి పిల్లలకు తెలియకపోతే బల్బు వాళ్లకు ఒకే తలుపున్న గది. రెండు తలుపులున్నాయని తెలిసిన మరుక్షణం తీగల అమరిక మారిపోతుంది. పోయిన బల్బును ఉపాధ్యాయుడు గుడ్డలో చుట్టి జాగ్రత్తగా పగలగొట్టి, ఆ కాళ్లు ఎక్కడెక్కడికి వెళ్తున్నాయో చూపిస్తే గంట ఉపన్యాసం చెయ్యలేని పని అయిదు నిమిషాల్లో అవుతుంది.

వయసు పెరిగినంత మాత్రాన ఈ చిక్కు వీడదు. అమెరికాలో హార్వర్డ్–స్మిత్సోనియన్ ఖగోళ భౌతిక కేంద్రం 1997లో తీసిన ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’ అనే డాక్యుమెంటరీలో, పట్టా పుచ్చుకున్న రోజున ఎం.ఐ.టి. విద్యార్థులకు ఒక సెల్లు, ఒక బల్బు, ఒక తీగ ఇచ్చారు. వాళ్లలో కొందరు బల్బు వెలిగించలేక తికమకపడ్డారు.

వరస తర్కం

రెండు నిరోధాల మధ్య ఒక బల్బు ఉన్న వలయాన్ని ఊహించుకోండి. బల్బుకు ముందున్న నిరోధం పెంచితే వెలుగు తగ్గుతుందని పిల్లలు సరిగానే చెబుతారు. బల్బు తర్వాత ఉన్న నిరోధం పెంచితే? ‘అప్పటికే కరెంటు బల్బు దాటిపోయింది కదా, ఏమీ కాదు’ అంటారు. బ్రిటన్‌లో డేవిడ్ షిప్‌స్టోన్ 1984లో మాధ్యమిక పాఠశాల విద్యార్థుల మీద జరిపిన అధ్యయనంలో ఈ ఆలోచన బలంగా కనిపించింది. అదే కాలంలో జాఁ–లూయీ క్లోసే దీన్ని విశ్వవిద్యాలయ విద్యార్థుల్లోనూ గుర్తించాడు.

దీని వెనక ఒక బొమ్మ ఉంది. కరెంటు ఒక బాటసారి. ఇంటినుంచి బయల్దేరి ఒక్కో ఊరే దాటుతూ పోతుంది. ముందున్న ఊరిలో ఏం జరుగుతోందో వెనకటి ఊరికి తెలియదు. నిజానికి విద్యుత్ వలయం మొత్తం ఒక్కటిగా స్పందిస్తుంది. స్విచ్ వేసిన క్షణంలో తీగల పొడవునా విద్యుత్ క్షేత్రం దాదాపు కాంతివేగంతో సర్దుకుంటుంది. ఒక్కో ఎలక్ట్రాను మాత్రం సెకనుకు ఒక మిల్లీమీటరు కంటే తక్కువ వేగంతో జరుగుతుంది. స్విచ్ దగ్గరి ఎలక్ట్రాను బల్బుకు చేరాకే దీపం వెలిగేదైతే గదిలో లైటు కోసం గంటలు కాచుకోవాలి. వెంటనే వెలుగుతోందంటే తీగ అంతటా ఉన్న ఎలక్ట్రాన్లు ఒకేసారి కదలడం మొదలుపెట్టాయన్నమాట.

బ్యాటరీ ఎంత ఇస్తుంది

మరో మొండి ఊహ బ్యాటరీ గురించి. దేన్ని తగిలించినా బ్యాటరీ ఒకే మొత్తం కరెంటు పంపుతుందని చాలామంది నమ్ముతారు. ఇజ్రాయెల్ పరిశోధకులు కోహెన్, ఐలాన్, గనీల్ 1983లో ఈ పొరపాటును విడమరచి చూపారు. విద్యార్థులు కరెంటును ముందు పెట్టి, పొటెన్షియల్ భేదాన్ని, అంటే వోల్టేజీని, దాని తోకగా చూస్తున్నారని వాళ్లు చెప్పారు. కరెంటు సున్నా అయితే వోల్టేజీ కూడా సున్నా అన్న జవాబు అక్కడినుంచే పుడుతుంది. వాడకుండా పెట్టిన సెల్లు రెండు కొసల మధ్య 1.5 వోల్టులు ఉంటుందన్న సంగతి ఆ జవాబుకు అడ్డు తగులుతుంది.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మాట్, పీటర్ షాఫర్ 1992లో ప్రచురించిన అయిదు బల్బుల ప్రశ్న ఈ రంగంలో బాగా పేరుపొందింది. ఒకేలాంటి మూడు బ్యాటరీలు. మొదటిదానికి ఒక్క బల్బు, రెండోదానికి శ్రేణిలో రెండు, మూడోదానికి సమాంతరంగా రెండు. వెలుగును బట్టి అయిదింటినీ వరస పెట్టాలి. ఒంటరి బల్బు, సమాంతరంగా ఉన్న రెండూ సమానంగా వెలుగుతాయి, శ్రేణిలోని రెండూ తక్కువగా, తమలో తాము సమానంగా వెలుగుతాయి. లెక్కలు బాగా వచ్చిన విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో సైతం సరైన వరస చెప్పినవాళ్లు సుమారు 15 శాతమే. ఓమ్ సూత్రంతో లెక్కలు చెయ్యగలగడం వేరు, వలయాన్ని చూసి ఏం జరుగుతుందో చెప్పగలగడం వేరు అని ఈ ఫలితం తేటతెల్లం చేసింది. ఇలాంటి అవగాహనను కొలవడానికి పౌలా ఎంగెల్‌హార్ట్, రాబర్ట్ బైక్నర్ 29 ప్రశ్నల ‘డైరెక్ట్’ అనే పరీక్షను రూపొందించి 2004లో ప్రచురించారు.

మాట తెచ్చే చిక్కు

తెలుగులో ‘కరెంటు’ అన్న ఒక్క మాట ఎన్నో బరువులు మోస్తుంది. కరెంటు పోయింది అంటే సరఫరా ఆగిందని. కరెంటు కొట్టింది అంటే షాక్ తగిలిందని. గీజరు కరెంటు తాగేస్తుంది, కరెంటు బిల్లు ఎక్కువొచ్చింది అంటే శక్తి గురించి. కద్మా వీధుల్లో వినిపించే హిందీలోనూ అదే పరిస్థితి. సరఫరా ఆగితే అక్కడ ‘లైన్’ పోతుంది, తిరిగొస్తే ‘లైన్’ వస్తుంది.

ఇంట్లో పదేళ్లుగా ‘కరెంటు ఖర్చవుతోంది, లైటు తీసెయ్’ అని వింటున్న పిల్లకు బడిలో ‘కరెంటు ఖర్చు కాదు’ అని చెబితే ఆమెకు రెండూ పొసగవు. అమ్మ మాటా అబద్ధం కాదు. మీటరు లెక్కపెట్టే యూనిట్టు శక్తికి కొలత. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు వాడితే ఒక యూనిట్టు. ఖర్చయ్యేది ఆ శక్తి. దానికి ఇంట్లో వాడే పేరు, తీగలో తిరిగే ప్రవాహానికి బడిలో వాడే పేరు ఒకటే కావడం వల్ల తరిగే నమూనా ఇంతగా వేళ్లూనుకుంది. ఒకే మాటతో రెండు విషయాలు చెబుతున్నామని పిల్లల ముందు బాహాటంగా ఒప్పుకుని, విద్యుత్ ప్రవాహం, విద్యుత్ శక్తి అని రెంటినీ విడివిడిగా పలకడం అలవాటు చెయ్యడం మంచి ఉపాధ్యాయులు పాటించే పద్ధతి.

తెలుగు పారిభాషిక పదాల్లో ఒకటి మాత్రం పిల్లలకు నేరుగా దారి చూపుతుంది. వలయం అంటే గుండ్రం, తెంపులేని చుట్టు. ఒంటి తీగతో వలయం ఎలా అవుతుందని ఆ మాటే అడుగుతుంది.

పోలికలు: ఎక్కడి దాకా పనికొస్తాయి

కంటికి కనిపించని ప్రవాహాన్ని వివరించడానికి పోలిక తప్పదు. అన్నిటికంటే ఎక్కువ వాడే పోలిక నీళ్లది. పైనున్న ట్యాంకు బ్యాటరీ, గొట్టం తీగ, ఇరుకైన గొట్టం నిరోధం. వోల్టేజీని ఎత్తుతో పోల్చి చెప్పడానికి ఇది అక్కరకొస్తుంది. కానీ కుళాయి తిప్పగానే నీళ్లు బయటికి పోతాయి, వెనక్కి రావు. కుళాయి తెరిస్తే ప్రవాహం, స్విచ్ తెరిస్తే ఆగిపోవడం అన్న తిరకాసు కూడా ఉంది. తెగిన గొట్టం కారుతుంది, తెగిన తీగ కారదు.

1983లో డెడ్రే గెంట్నర్, డొనాల్డ్ గెంట్నర్ చేసిన అధ్యయనం ఈ విషయంలో ముఖ్యమైనది. కరెంటును నీళ్లలా ఊహించుకున్న విద్యార్థులు బ్యాటరీల అమరిక మీద ప్రశ్నలకు మెరుగ్గా జవాబు చెప్పారు. గుంపుగా నడిచే జనంలా ఊహించుకున్నవాళ్లు నిరోధాల ప్రశ్నలకు మెరుగ్గా చెప్పారు. ఏ పోలికతో ఆలోచిస్తే ఆ పోలికకు అందే సంగతులే బాగా తెలుస్తాయన్నమాట.

సైకిలు గొలుసు పోలిక తరగతి గదిలో బాగా పనిచేస్తుంది. పెడలు తొక్కగానే గొలుసు మొత్తం ఒకేసారి కదులుతుంది. వెళ్లిన లంకెలన్నీ తిరిగి వస్తాయి, ఒక్కటీ ఖర్చు కాదు. కాళ్ల బలం మాత్రం వెనక చక్రానికి చేరుతుంది. తరిగే నమూనాకూ, వరస తర్కానికీ ఈ ఒక్క పోలిక జవాబు చెబుతుంది. శాఖలుగా చీలే వలయాన్ని మాత్రం ఇది చూపలేదు. అక్కడ నీళ్ల గొట్టాల పోలికకే తిరిగి రావాలి.

పాఠ్యపుస్తకాలు, ప్రయోగాలు

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ఆరో తరగతి పుస్తకంలో విద్యుత్ వలయాల పాఠం సెల్లు, బల్బులతోనే మొదలయ్యేది. టార్చి విప్పి చూడడం, బల్బు లోపలి కాళ్లను గమనించడం, ఏ కూర్పులో దీపం వెలుగుతుందో తేల్చడం అందులో పనులు. కొత్త ‘క్యూరియాసిటీ’ పుస్తకాల్లో ఈ పాఠం ఏడో తరగతికి మారింది. నిరోధం, ఓమ్ సూత్రం, శ్రేణి, సమాంతర సంధానాలు పదో తరగతిలో వస్తాయి. మొదటి పరిచయానికీ, లెక్కలకూ నడుమ కొన్నేళ్ల ఎడం ఉంటుంది. ఆ ఎడంలో తరిగే నమూనా ఎవరూ కదపకుండా స్థిరపడిపోతుంది.

చేతితో చేసి తెలుసుకునే సంప్రదాయం మన దేశంలో పాతదే. మధ్యప్రదేశ్‌లో 1972లో 16 పాఠశాలలతో మొదలై 2002 దాకా నడిచిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో గ్రామీణ పాఠశాలల పిల్లలు తామే ప్రయోగాలు చేసి ఫలితాలు రాసుకునేవారు. 1999లో ఏర్పడిన అగస్త్య ఫౌండేషన్ చిత్తూరు జిల్లా కుప్పం దగ్గరి ప్రాంగణం నుంచీ, ఊరూరా తిరిగే ప్రయోగశాల వాహనాల ద్వారా ఇలాంటి అనుభవాన్ని తెలుగు పిల్లలకు అందిస్తోంది. ప్రయోగ సామగ్రి లేని చోట కంప్యూటర్ నమూనాలూ ఉపయోగపడతాయి. కొలరాడో విశ్వవిద్యాలయపు ‘ఫెట్’ ప్రాజెక్టు తయారుచేసిన వలయాల కిట్టులో ఎలక్ట్రాన్లు కదలడం కంటికి కనిపిస్తుంది. దానితో నేర్చుకున్న విద్యార్థులు తర్వాత నిజమైన వలయాలను కట్టడంలోనూ వెనకబడలేదని, ముందే ఉన్నారని 2005లో నోవా ఫింకెల్‌స్టీన్ బృందం చూపింది.

పరిశోధనల సారాన్ని తరగతికి తెచ్చే పద్ధతిలో ఒక క్రమం ఉంది. ముందు పిల్లలు జోస్యం చెప్పాలి, కాగితం మీద బాణాలు గీయాలి. తర్వాత వలయం కట్టి చూడాలి. జోస్యం తప్పితే ఎందుకు తప్పిందో పక్కవాళ్లతో వాదించాలి. ఉపాధ్యాయుడు సూత్రం చెప్పడం ఆ తర్వాతి పని. ప్రయోగాలన్నీ 1.5 వోల్టుల సెల్లులతోనే జరగాలి, గోడలోని 230 వోల్టుల జోలికి పోకూడదు. ఒంటి తీగ నమూనా ప్రాణం తీసేది అక్కడే. ఒక్క ఫేజు తీగ తాకితే షాక్ ఎందుకు కొడుతుందని పిల్లలు తప్పక అడుగుతారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమిలోకి కలిపి ఉంచుతారు. కాబట్టి నేల మీద నిలబడిన మనిషే ఆ వలయంలో రెండో తీగ అవుతాడు.

వలయాన్ని చూడడానికి కద్మాలో మంచి సమయం వినాయక చవితి. పందిళ్లకు, మేళాకు, చుట్టుపక్కల ఇళ్లకు సీరియల్ సెట్లు వేలాడతాయి. పాత రకం సెట్టులో 6 వోల్టుల బల్బులు 40 దాకా శ్రేణిలో ఉండి 230 వోల్టులను పంచుకుంటాయి. వాటిలో ఒక్కటి పోతే మాల మొత్తం ఆరిపోతుంది. ఆ పక్కనే పందిట్లో ఒక ట్యూబులైటు పోయినా మిగతావి వెలుగుతూనే ఉంటాయి, ఎందుకంటే అవి సమాంతరంగా ఉన్నాయి. ఈనాటి ఎల్‌ఈడీ మాలల్లో శ్రేణులు చాలా ఉంటాయి కాబట్టి ఒక ముక్కే ఆరిపోయి, మిగతాది వెలుగుతుంది. తీగ పీకకుండా, దూరంగా నిలబడి, ఆరిన ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో లెక్కపెట్టిన పిల్లకు ఒక శ్రేణిలో ఎన్ని దీపాలున్నాయో తెలిసిపోతుంది. ఒక్క దీపం పోతే దాని తర్వాతి దీపాలే కాక ముందున్నవీ ఎందుకు ఆరాయన్న ప్రశ్న కూడా అక్కడే పుడుతుంది.